కాలవ గట్టు మీద ఏఈ మేడమ్ గారు

ఆ రోజుల్లో రాజమండ్రిలో మా ఈడు పిల్లలకి ఆదివారం అంటే ఒక సినిమా, ఒక ఐస్‌క్రీము, గోదావరి గట్టు మీద కాసేపు చల్లగాలి. నాకు మాత్రం ఆదివారం అంటే పాదాలకి బొబ్బలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ధవళేశ్వరంలో మా బాబాయి వాళ్ళింట్లో ఉండేదాన్ని. ఆ ఇంట్లో ఉండడానికి షరతు ఒక్కటే, ఆదివారం తెల్లవారగానే ఆయనతో నడకకి వెళ్ళాలి. నడక అంటే పార్కులో ప్రదక్షిణలు కాదు. పాసింజరు రైలో, ఎర్రబస్సో ఎక్కి, ఏదో ఒక పాత ఊళ్ళో దిగి, అక్కడ మిగిలిన కోటగోడో, పడవల రేవో, పాడుబడిన బంగళానో చూసి, ఆపైన పొలాల మీదుగా, తుమ్మ డొంకల్లోంచి, కాలవ గట్ల వెంట మైళ్ళకి మైళ్ళు తిరిగి, చీకటి పడేలోపు ఇల్లు చేరడం. "నడిస్తే గానీ ఊరు తెలీదే" అనేవాడు బాబాయి. (అలా ఆయనతో తిరిగిన ఊళ్ళన్నిట్లో నాకు బాగా తెలిసింది చెప్పులు కుట్టేవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో మాత్రమే.)

మా నడక బృందంలో మొత్తం ముగ్గురం. మొదటివాడు బాబాయి. ముప్ఫై ఏళ్ళు కాలవ లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యాడు గానీ, ఆ సంగతి ఆయన చేతికర్రకి ఎవరూ చెప్పలేదు. దారిలో తూము కనిపిస్తే చాలు, ఆగి, వంగి, కర్రతో లోపల పొడిచి, నాలిక చప్పరించి, "ఊఁ" అని ఒక మూలుగు మూలిగితే గానీ ముందుకు కదిలేవాడు కాదు. రెండోవారు శాసనాల మాస్టారు. బాబాయి స్నేహితులు, హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. పాతరాయి అంటూ ఉంటే దాని మీద అక్షరాలు ఉండి తీరాలని ఆయన నమ్మకం, లేకపోతే అరిగిపోయాయని తీర్మానం. జేబులో కొలతల టేపు, సంచిలో నిమ్మకాయ ఊరగాయ లేకుండా గడప దాటేవారు కాదు. మూడోదాన్ని నేను. మాస్టారు కొలిచిన కొలతలు నోటుబుక్కులో రాయడం, ఇద్దరికీ తగువొస్తే ఇద్దరిదీ నిజమేననడం నా పని.

ఇద్దరిదీ నిజమేననే ఆ విద్య నాకు ఉద్యోగంలో అబ్బింది. రాజమండ్రిలో టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే ఒక కొట్లో కంప్లైంట్ల బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఎవరు ఫోన్ చేసి ఏ యంత్రం ఆగిపోయిందని చెప్పినా, "రెండు రోజుల్లో మెకానిక్ వచ్చేస్తారండి" అని చిరునవ్వు వినిపించేలా చెప్పాలి. మెకానిక్ ఎప్పుడొస్తాడో నాకే కాదు, మెకానిక్‌కి కూడా తెలిసేది కాదు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ మాట నా నాలిక మీద ఎంతగా స్థిరపడిపోయిందంటే, పిన్ని వంటింట్లోంచి "పాలవాడింకా రాలేదేంటే" అంటే "రెండు రోజుల్లో వచ్చేస్తారు పిన్నీ" అనేసేదాన్ని. అది నేర్పు అనుకున్నాను, జబ్బని తెలియలేదు.

అది ఫాల్గుణమాసం. దాళ్వా వరి, అంటే రెండో పంట, పొట్ట మీద ఉన్న రోజులు. మాస్టారికి ఎవరో చెప్పారట, నరసాపురానికి నాలుగైదు మైళ్ళ దూరంలో ఒక చిన్న పల్లెలో వలందు దేశం వాళ్ళ, అంటే డచ్చివాళ్ళ, అక్షరాలున్న రాయి ఉందని. నరసాపురం ఒకప్పుడు వలందు వాళ్ళ ఓడలు వచ్చి ఆగిన ఊరు, ఇప్పుడు మన రైలు వచ్చి ఆగిపోయే ఊరు. రైలు దిగి, పాతపేటలో అరుగుల మీద కూర్చుని లేసులు అల్లుకునే ఆడవాళ్ళని దాటుకుని, రేవులో పంటు మీద అవతలి ఒడ్డుకి పోయేవాళ్ళని కాసేపు చూసి, ఇడ్లీలు తిని, కాలవ గట్టు ఎక్కాం. అది పెద్ద కాలవలోంచి చీలి, ఊళ్ళన్నీ తిరిగి, సముద్రానికి కాస్త ఇవతల ఓపిక అయిపోయి ఆగిపోయే పిల్లకాలవ. దాని చివర ఉన్న పొలాలని శివారు అంటారు. మేం వెళ్ళిన పల్లె ఆ శివారు చివర ఉంది.

రాయి దొరికింది. ఊరి మొదట్లో కాలవ మెట్ల దగ్గర, మిగిలిన గుంట నీళ్ళలో ఆడవాళ్ళు బట్టలుతికే బండ అది. మాస్టారు పంచె పైకి కట్టి దిగి, సబ్బునురగ తుడిచి, అక్షరాలు చూసి కళ్ళు మూసుకున్నారు. బాబాయి తొంగి చూసి, "మాస్టారూ, ఇది మన కాలవ మైలురాయండీ. తిరగేసి పాతారంతే" అన్నాడు. "వలందు వాళ్ళు మాత్రం మైళ్ళు కొలవరా ఏంటండీ" అన్నారు మాస్టారు, టేపు విప్పుతూ. ఆయన పొడవు చెప్తుంటే, నేను తలమీద టోపీతో, చేతిలో నోటుబుక్కుతో, గంభీరంగా రాసుకుంటున్నాను. అక్కడికి పది గజాల దూరంలో బాబాయి ఊరి తూములో కర్ర దోపి, చప్పరించి, "ఊఁ" అన్నాడు. ఈ దృశ్యాన్ని బట్టలుతుకుతున్న ఒకామె చూసింది. బిందె అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరిగెత్తింది.

పావుగంటలో మేం ఊళ్ళోకి అడుగు పెట్టేసరికి రామాలయం ముందు మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. మధ్యదాని మీద కొత్త తువ్వాలు పరిచి ఉంది. కొబ్బరిబొండాలు కొట్టి పెట్టారు. చుట్టూ ఒక ముప్ఫైమంది జనం. అందరికన్నా ముందు చీరకొంగు నడుముకి బిగించి, అరవై దాటిన ఒక మామ్మగారు నిలబడి ఉన్నారు. రెండెకరాలు కౌలుకి చేసుకునే మనిషి ఆవిడ. ఆ ఊళ్ళో సర్పంచి ఎవరైనా, మాట మాత్రం ఆవిడదని తర్వాత అర్థమైంది.

"నమస్కారం మేడమ్ గారూ. కొత్త ఏఈ గారు ఆడవారని పేపర్లో చదివాం. ఇంత తొందరగా మా ఊరు వస్తారనుకోలేదండి" అన్నారావిడ.

ఏఈ అంటే కాలవల మీద అసిస్టెంట్ ఇంజనీరు. పొలాలకి నీళ్ళు వదిలే అధికారి. నాకు కంగారు పుట్టింది. "అయ్యో, నేను ఏఈని కాదండీ" అన్నాను.

వెనకనించి ఒక పెద్దాయన లుంగీ కిందికి దించుకుని, గొంతు తగ్గించి, "అయితే డీఈ గారా అండీ" అన్నాడు. తువ్వాలు మీద ఇంకో తువ్వాలు పడింది.

"కాదండీ, మేం ఊరికే నడుచుకుంటూ వచ్చాం, ఊరు చూడ్డానికి."

"ఆయ్, ఊరు చూడ్డానికేనండి. చూడాలి కదండీ మరి" అన్నారు మామ్మగారు. "ఇంత ఎండలో కాలవ గట్టు మీద పని లేకుండా నడిచేవాళ్ళెవరుంటారండీ. ఆఫీసరన్నవాళ్ళు నడిచి మా శివారు దాకా రావడం నేను పెళ్ళయి వచ్చాక ఇదే చూడ్డం."

ఇక లాభం లేదని బాబాయి చేయెత్తి, "ఇదిగో, నేను చెప్తానుండండి" అని మొదలుపెట్టాడు. "డ్రైవరు గారూ, ముందు మీరు మజ్జిగ పుచ్చుకోండి. జీపు ఎక్కడాపారో ఏంటో పాపం" అని మామ్మగారు ఆయన చేతిలో గ్లాసు పెట్టారు. ముప్ఫై ఏళ్ళు లాకు గేట్లు ఎత్తించి దింపించిన మనిషిని డ్రైవరు గారూ అనేసరికి బాబాయికి రోషం వచ్చి, ఇంక నోరు విప్పనని అలిగి కూర్చున్నాడు. (మజ్జిగ మాత్రం రెండోసారి పోయించుకున్నాడు.) మాస్టారిని గుమాస్తా అనుకున్నారు. ఆయన దానికేమీ బాధపడలేదు, ఎందుకంటే ఆ ఉతికే బండ గురించి ఆయన చెప్పేది ముగ్గురు మనుషులు నోరు తెరుచుకుని వింటున్నారు. ఆయన సర్వీసులో అలాంటి క్లాసు ఎప్పుడూ దొరకలేదు.

ఇప్పుడు తలుచుకుంటే, నాలుగోసారి, అయిదోసారి చెప్పి ఉండాల్సింది. కుర్చీ ఎక్కి అరిచి చెప్పి ఉండాల్సింది. కానీ ఆ వేళకి మామ్మగారింట్లోంచి రొయ్యల ఇగురు వాసన వచ్చింది. గోదావరి జిల్లాల్లో వాకిట్లోకి వచ్చిన మనిషిని భోజనం పెట్టకుండా పంపడం ఎంత తప్పో, పెడితే తినకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. అరిటాకులో ముద్దపప్పు, ఆవకాయ, రొయ్యల ఇగురు, మాస్టారి కోసం అప్పటికప్పుడు వండిన వంకాయ కూర, గడ్డపెరుగు, చక్రకేళి పళ్ళు. వడ్డించినంతసేపూ మేడమ్ గారూ, ఇంకొంచెం మేడమ్ గారూ అంటుంటే, సిగ్గు లేకుండా ఒక నిజం చెప్తున్నాను, నాకు బాగుంది. కొట్లో నన్ను ఎవరూ గారూ అనలేదు. ఫోనులో తిట్టేవాళ్ళు అసలే అనేవారు కాదు.

భోజనాలయ్యాక మామ్మగారు నన్ను చేను దగ్గరికి తీసుకెళ్ళారు. పైరు నిలువునా వాడి ఉంది. మడిలో నెర్రెలు. నా చెయ్యి దూరేటంత నెర్రెలు. ఆవిడ ఒక దుబ్బు దగ్గర వంగి, పొట్ట విప్పి, లోపల దాక్కున్న పసివెన్ను చూపించారు.

"వెన్ను పైకొచ్చే వేళండి. ఇంకో పది రోజులు ఓర్చుకుంటుంది. ఆపైన నీళ్ళొచ్చినా తాలేనండి." పక్క చేనువైపు చెయ్యి చూపించారు. అక్కడ వరి లేదు, రొయ్యల చెరువు ఉంది. నాలుగు మూలలా నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్నాయి. "ఈ పంట కూడా పోతే మాకిచ్చిన రెండెకరాలూ చెరువు తవ్వించేస్తానన్నాడండి ఆసామి. ఆయన తప్పు లేదులెండి, పండని చేను ఎవరికి కావాలి. చెరువు తవ్వాక మళ్ళీ వరి చేను అవదండి అది. నాకేమో ఇది తప్ప ఇంకో పని రాదు." ఆవిడ నావైపు తిరిగారు. "ఎప్పుడొస్తాయండి నీళ్ళు?"

అచ్చం నా కంప్లైంట్ల ఫోనులో వినిపించే గొంతు. అదే దీర్ఘం. నా బుర్ర ఇంకా నెర్రెల దగ్గరే ఉంది, నా నోరు మాత్రం తన ఉద్యోగం తాను చేసేసింది.

"పది రోజుల్లోపే వచ్చేస్తాయండి" అన్నాను. చిరునవ్వుతో సహా.

మామ్మగారు నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. తన ఫోన్ నంబరు నా నోటుబుక్కులో, మైలురాయి కొలతల పక్కన, వాళ్ళ మనవరాలి చేత రాయించారు. మేం వెళ్ళేటప్పుడు బాబాయి భుజం మీద ఒక అరటిగెల ఎక్కించారు. డ్రైవరు కదా.

తిరుగు రైల్లో బాబాయి నిడదవోలు దాకా మాట్లాడలేదు. ఆ తర్వాత కూడా అరవలేదు, అదే భయమేసింది. "అది నీ కంప్లైంట్ల బల్ల కాదే. చేను. ఫ్రిజ్ రెండు రోజులు ఆగుద్ది, పొట్ట మీదున్న వరి ఆగదు" అన్నాడు. మాస్టారు కిటికీలోంచి చూస్తూ, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్నారు. "తొక్కేసింది కదండీ. ఇక కడగాల్సిందే" అన్నాడు బాబాయి. నేను ఏడ్చాను. ఎదుటి సీటు ఆవిడ పెళ్ళిచూపులు చెడిపోయాయనుకుని నాకు వేరుశెనక్కాయలు పెట్టింది.

మర్నాడు కొట్లో సెలవు పెట్టి అసలు ఏఈ గారిని వెతుక్కుంటూ వెళ్ళాను. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, బల్ల మీద దస్త్రాల వెనక ముఖం కూడా సరిగ్గా కనబడని సన్నటి మనిషి. తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, "ఏం పెట్టారు" అంది. చెప్పాను. "నాకింతవరకు టీ కూడా సరిగ్గా పుట్టలేదండి" అంది దిగులుగా. ఆపైన ఒక మ్యాపు పరిచి చూపించింది. పైనించి వంతు ప్రకారం నీళ్ళు వదులుతూనే ఉన్నారట. పైపొలాల వాళ్ళెవరూ అందలేదనడం లేదు. మధ్యలో ఎక్కడో ఆగుతున్నాయి. పదకొండు కిలోమీటర్లు గట్టు నడిచి చూడ్డానికి మనుషులు లేరు, ఉన్న ఇద్దరూ గండి పడిన ఇంకో కాలవ మీదున్నారు. "ఎక్కడ ఆగాయో మీరు చూసి చెప్పండి, అడ్డం తీయించడానికి నా అనుమతి ఉందని చెప్పండి. ఏఈనని మాత్రం మళ్ళీ అనిపించుకోకండి" అంది.

ఆ సాయంత్రం బాబాయి ముఖంలో వారంగా లేని వెలుగు కనిపించింది. (వారం ఏంటి, ఒక్క రోజే. కానీ ఆయన అలిగితే ఒక రోజు వారంలా ఉండేది.) "నీళ్ళ పక్కనే నడుద్దాం. అవి ఎక్కడ మనల్ని వదిలేస్తే అక్కడ ఆగుదాం" అన్నాడు. పిన్ని మూడు టిఫిన్ గిన్నెల్లో పులిహోర సర్దింది. కొట్లో మళ్ళీ సెలవు ఇవ్వరు కాబట్టి ఆదివారం దాకా ఆగాల్సి వచ్చింది. తొక్కినవాళ్ళే కడగాలని, నేను లేకుండా కదలనన్నాడు బాబాయి. అప్పటికి పది రోజుల్లో ఏడు అయిపోయాయి. ఆ వారమంతా నేను కంప్లైంట్ల ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను.

ఆ నడక లాంటిది నేను అంతకుముందు నడవలేదు, తర్వాతా నడవలేదు. పెద్ద కాలవలోంచి పిల్లకాలవ చీలేచోట మొదలుపెట్టాం. మొదటి నాలుగు కిలోమీటర్లు నీళ్ళు మా పక్కనే గలగలమంటూ వచ్చాయి. దారిలో ఒక చిన్న సంత ఊరు, అక్కడ పూర్వం ధాన్యం పడవలు ఆగిన రేవు, మెట్లకి ఇంకా తాళ్ళ ఒరిపిడి గుర్తులు. మాస్టారు అక్కడ మొత్తం కాలవల చరిత్ర ప్రారంభించారు గానీ, బాబాయి "నీళ్ళు వెళ్ళిపోతున్నాయి మాస్టారూ" అని ఆయన్ని లాక్కొచ్చాడు. ఊరు దాటాక గట్టు మీద మనిషి నడిచిన ఆనవాలే లేదు. తుమ్మకంపలు, ఉత్తరేణి, నడుమెత్తు జమ్ముగడ్డి. బాబాయి ముందు కర్రతో కొడుతూ, వెనక మేం. నా చున్నీ సగం తుమ్మచెట్ల పాలైంది. మాస్టారి చెప్పు ఒకటి బురదలో దిగిపోతే, ఆయన దాన్ని తీయకుండా చుట్టూ చూసి, "వందేళ్ళ తర్వాత ఎవరికైనా దొరుకుద్దిలెండి" అన్నారు. లకుముకిపిట్టలు నీళ్ళ మీద దూసుకుపోతుంటే, నేను ఎందుకొచ్చానో ఒక్కొక్కసారి మరిచిపోయాను. వెంటనే నెర్రెలు గుర్తొచ్చేవి.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర గలగల ఆగిపోయింది. అక్కడ బండ్లు దాటడానికి కట్టిన పాత ఇటుకల కల్వర్టు ఉంది. దానికి ఇవతల నీళ్ళు అంచుదాకా నిండి, కదలకుండా పడుకుని ఉన్నాయి. పైన గుర్రపుడెక్క ఎంత దట్టంగా పట్టిందంటే, ఊదారంగు పూలతో అచ్చం పూలతోటలా ఉంది. అవతల చీలమండ లోతు సన్నటి ధార, అదీ కాస్త దూరం పోయి ఇంకిపోతోంది. బాబాయి వంగి, కర్ర పొడిచి చప్పరించబోయేలోపు, ఆ పూలతోట నేల అనుకుని నేను దాని మీద అడుగేశాను. నడుందాకా దిగిపోయాను.

"అదేనే. నీళ్ళక్కడే ఉన్నాయి" అన్నాడు బాబాయి తృప్తిగా.

కాళ్ళతో తడిమితే కల్వర్టు నోటికి అడ్డంగా తాటిదుంగ. దానికి చిక్కుకుని వినాయకచవితికి నిమజ్జనం చేసిన విగ్రహాల వెదురు చట్రాలు, గడ్డి, చిరిగిన వలలు, ఎవరో నాయకుడు రెండు చేతులూ జోడించి నవ్వుతున్న ఫ్లెక్సీ ఒకటి. పైనుంచి కొట్టుకొచ్చిందంతా అక్కడ పేరుకుని, దాని మీద గుర్రపుడెక్క కాపురం పెట్టింది. పైవాళ్ళకి నీళ్ళు నిండుగా ఉన్నాయి కాబట్టి ఎవరూ చూడలేదు. కిందివాళ్ళకి అంత పైకి నడిచి వచ్చి చూడాలని తోచలేదు. నీళ్ళు ఆఫీసువాళ్ళు ఇవ్వాలి అని వాళ్ళు, ఇచ్చాం అని వీళ్ళు. ముగ్గురం దాన్ని ఒక్క అంగుళం కదపలేం. మనుషులు కావాలి. అంటే ఫోన్ చెయ్యాలి. అంటే నిజం చెప్పాలి.

"మామ్మగారూ, నేనండి, పోయిన ఆదివారం వచ్చిన అమ్మాయిని."

"చెప్పండి ఏఈ మేడమ్ గారూ."

"నేను ఏఈని కాదు మామ్మగారూ. రాజమండ్రిలో ఫ్రిజ్‌ల కొట్లో పని చేస్తాను. నీళ్ళు ఎప్పుడొస్తాయో ఏమీ తెలియకుండానే మీకు మాటిచ్చేశాను. తప్పే. కానీ ఎక్కడ ఆగాయో ఇప్పుడు తెలిసింది. వాటిలోనే నిలబడి ఉన్నాను."

ఫోన్లో అవతల ఎక్కడో గేదె అరిచింది.

"ఏఈవి కాకపోతే, మరి ఆ రోజు అంత ఎండలో ఎందుకు నడిచావు?" మీరు పోయి నువ్వు వచ్చింది.

"ఊరికేనండి."

"ఊరికేనా." ఆ మాటని ఆవిడ నోట్లో వేసుకుని నమిలి చూసినట్టు అనిపించింది. "సరే, ఎక్కడున్నావో చెప్పు."

గంటలో ట్రాక్టరు వచ్చింది. తొట్టిలో పాతికమంది, కత్తులు, కొక్కేలు, మోకులు. మామ్మగారు అందరికన్నా ముందు దిగారు. నేను గట్టు మీద బురదబొమ్మలా నిలబడి ఉన్నాను. ఆవిడ నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసి, "నువ్వు కాదనే అన్నావు, నాకు గుర్తుంది. కాదన్నదానివి గట్టిగా అనొద్దూ. ఆ సంగతి తరవాత మాట్లాడతాను. ముందు పక్కకి జరుగు, కత్తి తగులుద్ది" అన్నారు. అంత పొడిగా అన్నారో లేదో, వెనక్కి తిరిగి, ఎవరి భుజం మీదో ఉన్న తువ్వాలు లాగి నా మీదికి విసిరారు.

రెండున్నర గంటలు పట్టింది. బాబాయి తన సొంత కాలం తిరిగొచ్చినట్టు గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ, మోకు ఎటునుంచి వెయ్యాలో, దుంగ ఎటు తిప్పాలో చెప్తుంటే, మొన్న డ్రైవరు గారూ అన్నవాళ్ళంతా "అలాగేనండి, అలాగేనండి" అన్నారు. మాస్టారు పులిహోర పంచారు, నిమ్మకాయ ఊరగాయతో. దుంగ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని పక్కకి తిరిగేసరికి, కల్వర్టు అవతల నోట్లోంచి నీళ్ళు బొబ్బరిస్తూ దూకాయి. అందరూ కత్తులు, కొక్కేలు తొట్టిలో పడేసి గట్టెక్కారు.

అక్కణ్ణుంచి శివారుకి మూడు కిలోమీటర్లు. ట్రాక్టరు ఖాళీగానే వెళ్ళిపోయింది, ఒక్కరూ ఎక్కలేదు. నీటి మొన ఎండిన కాలవ అడుగున గడ్డిపరకలు, ఎండుటాకులు, చీమలు తోసుకుంటూ నెమ్మదిగా పోతుంటే, దాని పక్కనే గట్టు మీద మేమందరం అదే నెమ్మదిలో నడిచాం. గుంట వస్తే నీళ్ళు ఆగేవి, అది నిండేదాకా మేమూ ఆగేవాళ్ళం. లుంగీ పెద్దాయన ఒకచోట నీళ్ళకి దారి చెప్తున్నట్టు చెయ్యి చూపించాడు. సగం దూరంలో మామ్మగారు నా పక్కకి వచ్చి, "ఈ గట్టు మీద ఇంత దూరం నడవడం ఇదే మొదటిసారి నేను. నలభై ఏళ్ళుగా ఆ చివరే కూర్చుని నీళ్ళ కోసం చూశాను" అన్నారు.

పొద్దు వాలేసరికి నీళ్ళు ఆవిడ చేను దగ్గరికొచ్చాయి. పారతో బోదె గట్టు తెంపారు. మొదటి నెర్రెలోకి నీళ్ళు దిగేటప్పుడు ఒక చప్పుడు వచ్చింది, దాహంతో ఉన్నవాళ్ళు గుక్క తీసుకున్నట్టు. మామ్మగారు పార ఆనుకుని నిలబడి, "నీ మీద కోపం తెచ్చుకుందామని పొద్దుటినుంచీ చూస్తున్నానే. కుదరట్లేదు" అన్నారు. నేను ఆవిడని వాటేసుకుని ఏడ్చాను. నా బురదంతా ఆవిడ చీరకి అంటింది. ఆ తర్వాత నన్ను ఎవరూ మేడమ్ గారూ అనలేదు. ఆ రాత్రి భోజనంలో ముద్దపప్పు, చారు, అంతే. వాళ్ళింటి మనిషికి పెట్టినట్టు పెట్టారు.

ఆ పంట పండింది. కాస్త తాలు పడింది, అయినా పండింది. ఆసామి ఆ ఏడు చెరువు మాటెత్తలేదు, ఆ పైయేడూ ఎత్తలేదు. ఏటా కాలవలు కట్టేసే వేసవిలో ఆ ఊరివాళ్ళు కల్వర్టు దాకా ఒకసారి నడిచి చూసుకుని రావడం అలవాటు చేసుకున్నారు. మామ్మగారికి ఇప్పుడు కళ్ళు సరిగ్గా కనబడవు. అయినా ఆ రెండెకరాల్లో ఇప్పటికీ వరే ఉంది, మనవరాలు చేస్తోంది. బాబాయి లేడు. ఆయన కర్ర నా దగ్గరుంది. మోకాళ్ళు సహకరించిన ఆదివారాల్లో నేను ఇంకా ఏదో పాత ఊరు వెతుక్కుంటూ వెళ్తూనే ఉన్నాను. గట్టు మీద వెళ్ళే మోటారుసైకిళ్ళు ఆగి, "ఎక్కండి ఆంటీ, దింపేస్తాం" అంటాయి.

ఇప్పుడు నాకు తెలివి వచ్చింది. తెలియని విషయానికి మాట ఇవ్వను. ఎవరైనా ఏదైనా అడిగితే, కనుక్కుని చెప్తానంటాను, నాకు సంబంధం లేకపోతే మర్యాదగా ఆ ముక్కే చెప్తాను. నలుగురూ నన్ను జాగ్రత్త గల మనిషి అంటారు, అది నిజమే. ఆ ఆదివారం ఆ చేనులో నిలబడింది ఇప్పటి నేనే అయి ఉంటే, "అది ఆఫీసువాళ్ళని అడగాలండి" అని చెప్పి, చేతులు కడుక్కుని, హాయిగా రైలెక్కి ఇంటికి వచ్చేసేదాన్ని. ఎవరూ నన్ను తప్పుపట్టేవారు కాదు. ఆ రెండెకరాలూ ఎండిపోయేవి.